తటపటాయించే కారు

మాట్లాడుతూ మాట్లాడుతూ మనిషి ఒక్క క్షణం ఆగితే మనమేమీ కంగారుపడం. ఏదో ఆలోచించుకుంటున్నాడు కాబోలు అనుకుంటాం. కాని జాతీయ రహదారికి అడ్డంగా నిలబడి కారు ఆలోచించుకోవడం మొదలుపెడితే సంగతి వేరు.

పోయిన ఆషాఢంలో మా అమ్మకు బెంగుళూరులో కంటి ఆపరేషన్ చేయించి అనంతపురం తిరిగివస్తున్నాం. రాప్తాడు ఇంకా కొంత దూరం ఉందనగా, పక్క పల్లెలో ఉన్న మేనమామను ఒకసారి పలకరించి పోదామని అమ్మ ముచ్చట పడింది. రోడ్డు మధ్య గట్టుకు సందు ఇచ్చినచోట కారును కుడివైపుకు తిప్పాను. ఎదర లారీ వస్తోంది గాని చాలా దూరంలో ఉంది. నిదానంగా దాటినా దాటేయవచ్చు. పెడల్ మీద కాలు వేశాను. కారు కదిలింది, సగం రోడ్డు మీదికి వచ్చింది, అక్కడ చప్పబడిపోయింది. ఇంజను ఆగిందా అంటే ఆగలేదు. మూలుగుతూనే ఉంది. కాలు ఇంకా నొక్కాను. రెండు మూడు క్షణాలపాటు ఏమీ లేదు. ఆ తర్వాత ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఒక్క ఉరుకు ఉరికి అవతలి మట్టిబాటలో పడింది. లారీ హారను మోగించుకుంటూ మా వెనక చక్రాలను ఒరుసుకున్నంత పని చేసి వెళ్లిపోయింది.

నా భార్య నోట మాట లేదు. అమ్మ మాత్రం, కంటిమీద కట్టు సర్దుకుంటూ, "ఏమిరా నాయనా, బండికి అలుపొచ్చిందా?" అంది.

అలుపు ఆ రోజు వచ్చింది కాదు. రెండు నెలలుగా సూచనలు కనిపిస్తూనే ఉన్నాయి. సప్తగిరి సర్కిల్ దగ్గర ఎర్రదీపానికి ఆగినప్పుడు, నేను పెడల్ మీద కాలు పెట్టకపోయినా ఇంజను దానంతట అది పైకి లేచేది, పడేది, మళ్లీ లేచేది. మీటరులో ముల్లు ఏడువందలకూ పదమూడువందలకూ మధ్య ఊయల ఊగేది. పాత బండి, దాని తీరు అంతే అని సరిపెట్టుకున్నాను. మనుషుల జబ్బుల్లోనూ మనం చేసేది ఇదే గనుక ఇందులో వింతేమీ లేదు.

ఈ రెండు లక్షణాలూ వేరువేరని అప్పటికి నాకు తెలియదు. అడగకుండానే ఇంజను వేగం పెరిగి తగ్గడం ఒకటి. దీన్ని పొంగు అందాం. అడిగినప్పుడు అందించకుండా ఒక్క క్షణం నీళ్లు నమలడం రెండోది. ఇది తటపటాయింపు. మన షెడ్లలో మెకానిక్కులు రెండింటినీ కలిపి "జర్కు కొడుతోంది" అనో, "పికప్పు లేదు" అనో, "మిస్సింగు" అనో అనేస్తారు. పేరు కలిసిపోయినచోట మందు కూడా కలిసిపోతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మర్నాడు కారును ఒక గ్యారేజీకి తీసుకువెళ్లాను. ఏ గ్యారేజీ అన్నది ఇక్కడ అప్రస్తుతం. అక్కడి యువకుడు చక్రం ముందు కూర్చుని, ప్రహరీ గోడదాకా వెళ్లి వెనక్కి వచ్చి, "ఆటోమేటిక్ కదా సార్, గేర్ బాక్స్ పోయింది" అన్నాడు. బానెట్ ఎత్తిన పాపాన పోలేదు. ఖర్చు ఎంతవుతుందయ్యా అంటే లక్షా డెబ్బై వేలు అన్నాడు.

ఆ అంకెను ఇంట్లో చెప్పిన రోజు మాకు భోజనాలు ఆలస్యమయ్యాయి. అమ్మాయి ఇంజనీరింగు ఫీజుకని చీటీ పాడి తెచ్చిన డబ్బు దాదాపు అంతే ఉంది. దాన్ని కారులో పోయాలా, లేక కారును వచ్చిన ధరకు అమ్మేసి అమ్మను బస్సులో తిప్పాలా అని తర్జనభర్జన జరిగింది. అమ్మకు రెండో కంటికి కూడా ఆపరేషన్ కావలసి ఉంది మరి. చివరికి నా భార్యే అంది: "ఏమండీ, నాడి పట్టుకోకుండానే గుండె కోయాలన్న డాక్టరు మాట వింటామా? ఇంకొకరికి చూపిద్దాం."

ఈ ఆటోమేటిక్ అన్న మాటకు మనవాళ్లు ఇంకా జంకుతున్నారు. ఎడమకాలికి పని లేకపోవడంలో ఏదో మాయ ఉన్నట్టు, ఆ మాయ చెడితే మనుషులకు అంతుపట్టనట్టు. నిజానికి ఇది కొత్త సంగతి కాదు. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మను ఇంజనీరు 1905లోనే, ఒక చక్రం తిప్పిన నూనె రెండో చక్రాన్ని తిప్పే ఉపాయం కనిపెట్టాడు. అతను కనిపెట్టింది ఓడలకోసం. అది తర్వాత తర్వాత కార్లలోకి వచ్చింది. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1939లో, మరుసటి సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లకు, క్లచ్ పెడల్ లేకుండా దానంతట అదే గేరు మార్చుకునే పెట్టెను అమర్చి అమ్మారు. మన దేశంలో మధ్యతరగతి వాకిట్లోకి ఇది వచ్చింది మాత్రం 2014లో మారుతీ సెలేరియోతో అనవచ్చు. అందులో ఉన్నది మామూలు గేర్ల పెట్టే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మనిషికి బదులు ఒక చిన్న యంత్రం చేస్తుంది.

అన్నట్టు, కరవు సీమ అనిపించుకున్న మన గడ్డమీదే ఇప్పుడు ఆటోమేటిక్ కార్లు పుడుతున్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ఖానా పెట్టడానికి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టు 8న మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. 2023 జూలై నాటికి లెక్క పదిలక్షలు దాటింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లింది గాని, మాకు అది ఇంకా అనంతపురమే. చెరువులో చుక్క నీరు లేని ఆ చోటికి హంద్రీ-నీవా కాలువ మీది గొల్లపల్లి జలాశయంనుంచి కృష్ణ నీళ్లు తెచ్చారు. 2019 నాటి ఆ ఒక్క సెల్టోస్‌లోనే మూడు తెగల ఆటోమేటిక్‌లు ఉండేవి. డీజిలు బండికి నూనెతో నడిచే ఫోటింగర్ సంతతి పెట్టె, మామూలు పెట్రోలు బండికి గేర్లే లేకుండా పట్టీ మీద జారే పెట్టె, టర్బో బండికి రెండు క్లచ్చుల పెట్టె. మా కారు ఆ కార్ఖానాది కాదని ముందే చెప్పేస్తున్నాను. మాది 2015 నాటిది, ఇంకొకరి చేతిమీదుగా మాకు వచ్చింది, నూనె జాతిది.

తెగ ఏదో తెలియడం ఎందుకంటే, ఒకదానికి జబ్బు అయినది మరొకదానికి స్వభావం. క్లచ్‌ను యంత్రం నొక్కే బండి గేరు మార్చేటప్పుడల్లా పద్యంలో యతి దగ్గర ఆగినట్టు ఒక్క లిప్త ఆగి, తల ఊపి, సాగుతుంది. అది రోగం కాదు. పట్టీ మీద జారే బండిలో పెడల్ నొక్కితే ముందు ఇంజను చప్పుడు పెరుగుతుంది, వేగం తీరిగ్గా వెనక వస్తుంది. అదీ రోగం కాదు. రెండు క్లచ్చుల బండి రద్దీలో అంగుళం అంగుళం పాకిస్తే వేడెక్కి వణుకుతుంది. దానికి మందు, ముందు బండికీ మనకూ మధ్య కాస్త జాగా వదిలి, ఆగితే పూర్తిగా ఆగి, కదిలితే పూర్తిగా కదలడమే.

గుత్తి రోడ్డు వైపు రేకుల షెడ్డు వేసుకున్న ఒక భాయి ఉన్నాడని మా కాలేజీ ఆఫీసులో ఒకరు చెప్పారు. అరవై దాటిన మనిషి. అంబాసిడర్ల కాలంలో చేయి తిరిగి, ఇప్పుడు చేతిలో చిన్న స్కానరు పట్టుకున్నవాడు. నేను కారు దిగీ దిగకముందే గేర్ బాక్స్ సంగతి ఎత్తాను. ఆయన చేయెత్తి వారించాడు.

"బాక్స్ సంగతి తర్వాత సార్. నేను అడిగేదానికి చెప్పండి. బానెట్ ఎత్తకముందే సగం తేలిపోవాల."

తర్వాత అడిగిన ప్రశ్నలు నేను ఇంటికి వచ్చి రాసిపెట్టుకున్నాను. పొంగేది నిలబడి ఉన్నప్పుడా, పోయేటప్పుడా? నిలబడి ఉన్నప్పుడైతే గేరు కర్ర పార్కులో ఉన్నా పొంగుతుందా? పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, కాగినాక ఎక్కువా? ఏసీ ఆపితే తగ్గుతుందా? పెట్రోలు కొట్టించిన వెంటనే మొదలయిందా? ఈమధ్య బండికి ఏం మార్చారు? ఇంజను దీపం వెలుగుతుందా, వెలిగితే స్థిరంగానా, మినుకు మినుకుమంటూనా?

పార్కులో ఉన్నా పొంగుతుందన్నాను. ఆయన నవ్వాడు. "అయితే బాక్స్ మీద కేసు కొట్టేసినట్టే సార్. పార్కులో చక్రాలకూ ఇంజనుకూ సంబంధమే లేదు. మొగుడు ఊళ్లోనే లేకుంటే కొట్లాట ఎవరితో?"

ఆ ఒక్క ప్రశ్నతో లక్షా డెబ్బై వేలు మా ఇంట్లోనే ఉండిపోయాయి.

ఇక జబ్బు ఇంజనులోనే ఉండాలి. ఇంజనుకు కావలసినవి గాలి, పెట్రోలు, నిప్పురవ్వ. పెట్రోలు ఒక పాలు అయితే గాలి తూకంలో దాదాపు 14.7 పాళ్లు పడాలి. వంటింట్లో బియ్యానికి ఎసరు పెట్టినట్టే. పూర్వం ఈ కొలత కార్బురేటరు చూసుకునేది. ఇప్పుడు ఒక చిన్న కంప్యూటరు చూస్తుంది. లోపలికి వచ్చే గాలిని దారిలో ఒక సెన్సారు కొలుస్తుంది, పొగగొట్టంలో మరో సెన్సారు మిగిలిన ఆక్సిజనును వాసన చూస్తుంది. పెట్రోలు తక్కువైందని అది చెబితే కంప్యూటరు దాన్ని పెంచుతుంది, ఎక్కువైందంటే తగ్గిస్తుంది. ఎంత పెంచిందీ, ఎంత తగ్గించిందీ శాతాల్లో రాసిపెట్టుకుంటుంది కూడా. చక్రం కింద ఉండే సాకెట్‌లో స్కానరు గుచ్చితే ఆ పద్దు మనమూ చదవవచ్చు. 2013 ఏప్రిల్ తర్వాత మన దేశంలో అమ్మిన కార్లలో ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది. వెయ్యి, రెండు వేల రూపాయల స్కానరు తెచ్చి ఫోనుకు కలుపుకుంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. కాని ఇది జ్వరం చెప్పే థర్మామీటరు మాత్రమే సుమా. వైద్యుడు కాదు.

భాయి స్కానరు గుచ్చాడు. పి 0171 అన్న సంకేతం వచ్చింది. పెట్రోలుకు మించి గాలి ఉందని దాని అర్థం. ఇంతవరకు చూసి చాలామంది ఆక్సిజను సెన్సారు మార్చేస్తారట. కబురు తెచ్చినవాణ్ణి కొట్టినట్టు. భాయి పద్దు చూశాడు. నిలబడి ఉన్నప్పుడు కంప్యూటరు పెట్రోలును 23 శాతం పెంచుతోంది. నన్ను పెడల్ తొక్కి 2,500 దగ్గర పట్టుకొమ్మన్నాడు. అక్కడ 12 శాతం.

"ఇద్దరు దొంగలుండారు సార్" అన్నాడు.

ఆ మాటలోని తర్కం నాకు తర్వాత బోధపడింది. ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి, సెన్సారు లెక్కలోకి రాకుండా దొడ్డిదారిన గాలి జొరబడుతుంటే, నిలబడి ఉన్నప్పుడు దాని ప్రభావం ఎక్కువ. ఇంజను అప్పుడు తాగే గాలే కొంచెం కనుక. వేగం పెరిగితే గాలి వెల్లువలో ఈ దొంగగాలి పాలు తగ్గిపోతుంది. కనుక ఆ ఒక్క దొంగే ఉంటే 2,500 దగ్గర పద్దు దాదాపు సున్నాకు దిగిరావాలి. పన్నెండు మిగిలిందంటే గాలిని కొలిచే సెన్సారు తక్కువ చెబుతూనన్నా ఉండాలి, లేదా పెట్రోలు పంపు నీరసించి అయినా ఉండాలి.

భాయి గాలి ఫిల్టరు పెట్టె విప్పాడు. ఫిల్టరును నేలకు తట్టితే ఎర్రమట్టి గుప్పెడు రాలింది. నాకు ఆశ్చర్యం వేయలేదు. పడమటి కనుమల చాటున ఉన్న జిల్లా మాది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. జూన్, జూలైల్లో నైరుతి మేఘాలు తమ నీళ్లు కనుమల అవతలే దింపుకుని, గాలిని మాత్రం మాకు పంపుతాయి. ఆ గాలినే నమ్ముకుని రామగిరి కొండలమీద గాలిమరలు నిలబెట్టారు. శనక్కాయ విత్తడానికి దున్ని పెట్టుకున్న చేలు వానకోసం ఎదురుచూస్తుంటాయి. ఆ చేలమీది దుమ్మంతా లేచి ఊళ్లోకి వస్తుంది, గడప దాటుతుంది, అన్నంలోకి వస్తుంది. కారులోకి రాదా?

"కాని మన దొంగ ఇది కాదు సార్. ఫిల్టరు మూసుకుంటే బలం తగ్గుతాది గాని లెక్క తప్పదు. ఇది చూడండి" అని ఫిల్టరు అంచు చూపించాడు. పెట్టెకు అది సరిగా కూర్చోలేదు. ఒక మూల వేలు పట్టేంత సందు. ఆ ఫిల్టరు ఎవరు వేశారని అడిగాడు. నేనే. చైత్రంలో, నూటయాభై రూపాయలు కలిసివస్తుందని, సైజు ఒకటే కదా అని, మరో రకానిది కొని నా చేతులతోనే బిగించాను. ఆ సందులోంచి దూరిన దుమ్ము సెన్సారు తీగమీద పేరుకుంది. ఆ తీగ కాగి ఉంటుంది. పోయే గాలి దాన్ని చల్లారుస్తుంది. మళ్లీ కాచడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి గాలి ఎంత వచ్చిందో లెక్కకడతారు. దుమ్ము కప్పుకున్న తీగ దుప్పటి కప్పుకున్న మనిషిలా చలిని తక్కువగా చెబుతుంది. నేను ఒక్కసారి పెడల్ తొక్కినప్పుడు గాలి ఉప్పెనలా వచ్చినా, వచ్చింది కొంచెమే అని అది చెప్పింది, కంప్యూటరు పెట్రోలు కొంచెమే పోసింది. లారీ ముందు మేము నిలబడిపోయిన మూడు క్షణాల కథ ఇది. నూటయాభై రూపాయల కథ.

ఆ సెన్సారుకోసమే అమ్మే ద్రావకం చల్లి, వేలు తగలకుండా ఆరబెట్టాడు. పెట్రోలుతోనో, గుడ్డతోనో తుడిస్తే తీగ తెగి కొత్తది కొనవలసి వస్తుందట. సరైన ఫిల్టరు వేశాక పద్దు చూస్తే నిలబడినప్పుడు 15, తొక్కినప్పుడు 3. ఒక దొంగ దొరికాడు. ముల్లు మాత్రం ఇంకా ఊగుతోంది.

రెండోవాణ్ణి పట్టడానికి ఆయన వాడిన పరికరం చూసి నేను నవ్వాను. మంగలి షాపులో జుట్టుకు నీళ్లు చల్లే సీసా. ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క రబ్బరు గొట్టం మీద, దాని అతుకుల మీద, కరెంటు తీగలను తప్పిస్తూ తుంపర చల్లుకుంటూ పోయాడు. పెద్ద షెడ్లలో దీనికి పొగ ఊదే మిషన్లు ఉంటాయి. కొందరు మండే ద్రావకాలు చల్లుతారు. కాగిన ఇంజనుమీద అది నిప్పుతో చెలగాటం. ఇంజను వెనకభాగాన, ఆవిరిని తిరిగి లోపలికి పంపే ఒక వంకర గొట్టం మీద నీళ్లు పడగానే ఊగుతున్న ముల్లు గభాలున నిలబడింది. నీటిచుక్క ఆ పగులును క్షణంపాటు మూసిందన్నమాట. నీరు పీల్చేసుకున్నాక మళ్లీ ఊగడం మొదలయింది. మూడుసార్లు చల్లి మూడుసార్లు చూపించాడు.

విప్పితే, కిందివైపు వంపులో, పైకి కనపడనిచోట, గోరంత చీలిక. నలభై రెండు డిగ్రీల ఎండల్లో, దానికి తోడు ఇంజను సెగలో, పదేళ్లు కాగిన రబ్బరు అప్పడంలా పెళుసెక్కింది. కొత్త గొట్టం మూడువందల ఇరవై. ఫిల్టరు, ద్రావకం, కూలీ అన్నీ కలిపి పద్దెనిమిదివందలు దాటలేదు.

అయితే గేర్ పెట్టె ఎప్పుడూ నిర్దోషే అని నేను చెప్పబోవడం లేదు. ఇంజను ముల్లు లేస్తూ వేగం మాత్రం పెరగకపోతే లోపల ఏదో జారుతున్నట్టే. ముందు నూనె ఎంత ఉందో, మాడిన వాసన వస్తోందో చూడాలి. అరవై, ఎనభై మధ్య పెడల్ తేలిగ్గా పట్టి పోతున్నప్పుడు రాళ్లబాట మీద పోతున్నట్టు సన్నగా వణికితే, ఖాళీ రోడ్డుమీద బ్రేకును తాకీ తాకనట్టు తాకమన్నాడు భాయి. నూనె పెట్టెలోపల ఒక తాళం పడి ఉంటుంది, బ్రేకు తాకితే అది విడిపోతుంది. దాంతోపాటు వణుకు కూడా పోతే జబ్బు ఆ తాళం దగ్గర ఉంది. తరచుగా నూనె మార్చడంతోనే కుదుటపడుతుంది. కదిరి ఘాట్ లాంటిచోట ఎత్తు ఎక్కుతూ బండి రెండు గేర్ల మధ్య ఇటా అటా అని ఊగిసలాడితే, కర్రను చేతి గేరులోకి లాగి ఒక గేరు పట్టి చూడాలి. ఊగిసలాట ఆగితే అది పెట్టె మనసు తేల్చుకోలేకపోవడమే, విరిగిందేమీ లేదు.

పెట్రోలు మీద కూడా ఇప్పుడు అనుమానాలు ఎక్కువ. 2025 నాటికి మన బంకుల్లో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలపడం వచ్చింది. దానికి శక్తి తక్కువ, కనుక మైలేజి కొంత తగ్గుతుంది. నీటిని పీల్చుకునే గుణం ఉంది, కనుక నెలల తరబడి కదలని బండికి మంచిది కాదు. పాత బండ్ల రబ్బరుకు పడకపోవచ్చు కూడా. అయినా మా గొట్టంలో పారేది పెట్రోలు కాదు గనుక ఈ నేరం దానిమీద మోపలేను. ఎలుకల మాట మరిచాను. చేలల్లో గింజ లేని ఏడు అవి ఊళ్లోకి వచ్చి కార్ల బానెట్లలో కాపురం పెట్టి తీగలు కొరుకుతాయి. ఉన్నట్టుండి ఒక ఉదయం మొదలయిన మిస్సింగుకు ముందు వాటినే అనుమానించాలని భాయి సిద్ధాంతం.

ఇంజను దీపం స్థిరంగా వెలిగితే ఆ వారంలో చూపించుకోవచ్చు. మినుకు మినుకుమంటే ఆ క్షణమే పక్కకు ఆపాలి. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి అక్కడి శుద్ధియంత్రాన్ని మాడుస్తోందని దాని అర్థం. అది మారిస్తే అయ్యే ఖర్చు ముందు మా గొట్టం లెక్కలోకి రాదు.

కార్తీకంలో అమ్మ రెండో కంటికి ఆపరేషన్ అయింది. తిరిగివచ్చేటప్పుడు మళ్లీ అదే సందు దగ్గర, మేనమామ ఊరికే, కారు కుడివైపు తిప్పి ఆగాను. ఈసారి లారీ ఇంకా దూరంగా ఉంది. నా భార్య ముందు సీటులో తలుపు పట్టీ గట్టిగా పట్టుకుంది. పెడల్ మీద కాలు వేశాను. కారు మారుమాట లేకుండా కదిలి, దాటి, అవతల మట్టిబాటలో దిగింది.

వెనకనుంచి అమ్మ అడిగింది: "దాటినామా? నేను కండ్లు మూసుకున్నా."